బరువు మనిషి

రాణిగంజ్ ధర్మకాంటా మీద
ఇరవై రెండేళ్లుగా చీటీలు చింపుతున్నాను.
నిండు లారీ ఎంత, ఖాళీ లారీ ఎంత,
మధ్యలో మిగిలిందే సరుకు.
మా ఇంట్లో ఈ లెక్క నాతో మొదలవలేదు.

మా ముత్తాత మొగులయ్య
హుస్సేన్ సాగర్ మీద బరువుగా పనిచేశాడు.
బరువులు మోసేవాడు కాదు.
బరువే.

పద్దెనిమిది వందల ఎనభై ఏడులో
వడ్ల అనంతయ్య బొల్లారంలో చెక్కిన పడవ అది,
హాలోవే అనే కెప్టెన్ కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి.
పొడవు పదహారు అడుగులు, వెడల్పు అందులో సగం,
చాట లాంటి పొట్ట.
తెరచాప కొయ్య నడుమ కాదు, ముక్కు కొసన.
చాప ఒక్కటే, పడవ కన్నా పెద్దది.
"గిదేం పడవ? పిల్ల మీద తల్లి చీర!" అన్నాడట అనంతయ్య
అడుగున ఆఖరి మేకు దిగ్గొడుతూ.

దొర పెట్టిన పేరు కిట్టివేక్.
ఏదో చలి సముద్రపు పిట్టట.
ఇక్కడ చలీ లేదు, సముద్రమూ లేదు.
రేవులో బట్టలుతికేవాళ్ళ నోట
వారం తిరక్కుండా కిట్టవ్వ అయిపోయింది.

వానాకాలం పడమటి గాలి లేస్తే
అంత చాపకి అంత చిన్న పడవ ఆగదు, ఒరిగిపోతుంది.
ఎదురు అంచు మీద ఇసుక బస్తాలో మనుషులో కావాలి.
ఇసుక బస్తా చెప్పిన మాట వినదు.
మొగులయ్య వింటాడు.
పందేనికి రెండణాలు.
మనిషి మరీ బక్క, మణుగున్నర తూగడు.
తడి ఇసుక సంచి ఒళ్ళో పెట్టి
"బైఠో" అన్నారు.

నడుము నీళ్ళ మీదికి వాల్చి
ఆకాశం చూస్తూ పందెం చేసేవాడు.
ఎవరు ముందున్నారో ఆయనకి కనపడదు.
మబ్బులు కనపడతాయి.
కట్ట మీద జనం అరుపుల్ని బట్టి
గెలిచామో లేదో పోల్చుకునేవాడు.

తొంభై ఒకటి, ఆగస్టు.
జిబ్రాల్టర్ బండ చుట్టి తిరిగొస్తుంటే
గాలి ఠక్కున పడిపోయింది.
చాప తడి దుప్పటిలా వేలాడింది.
వెనకే ఇంకో పడవ, రెండు బారల దూరం.
ముందు సంచులు విసిరారు నీళ్ళలోకి.
ఒకటి. రెండు. ఒళ్ళోది మూడు.
తర్వాత కెప్టెన్ మొగులయ్య వైపు చూశాడు.
తిట్టలేదు, నెట్టలేదు.
ఊరికే చూశాడు.

దూకాడు.

కిట్టవ్వ జానెడు పైకి తేలి, కదిలిందట.
ఆ తేలడం మా తాత చేత్తో చూపించేవాడు,
వాళ్ళ నాయన చూపించినట్టే,
అరచెయ్యి వెల్లకిలా పెట్టి నెమ్మదిగా ఎత్తుతూ.
వెనక పడవ పక్కనుంచే పోయింది.
ఎక్కించుకోలేదు,
బరువవుతాడని.

ఈదుకుంటూ గట్టెక్కేసరికి
వెండి కప్పులో ఏదో పోసుకుని తాగుతున్నారు.
రిజిస్టర్లో రాసుకున్నారు:
కిట్టివేక్ మొదటిది, తేడా ఆరు సెకన్లు, గాలి స్వల్పం.
ఎక్కినవాళ్ళు ముగ్గురు.
దిగినవాళ్ళకి ఆ పుస్తకంలో గడి లేదు.
రెండణాల్లో ఒకటి కోశారు,
సగం దారి నుంచి బరువు లేడు కదా అని.

దొరకి బదిలీ అయ్యింది. క్లబ్బుకి కొత్త పడవలొచ్చాయి.
కిట్టవ్వ పొట్ట కవాడిగూడలో బర్రెల కుడితి తొట్టి.
చాప ఎన్ని పెళ్ళిళ్ళకి పందిరయ్యిందో లెక్కలేదు.
కొయ్యని మొగులయ్య అడిగి తెచ్చుకున్నాడు,
కోసిన అణా బదులు.
మా ఇంటికి దూలమయ్యింది.
దానికే నా ఉయ్యాల కట్టారు.
కిటికీ మూసినా ఒక పక్కకే ఒరిగేదని అమ్మ అంటుంది.
అమ్మ మాట కదా, సగం తగ్గించి వినాలి.

మొన్న ఇల్లు కూలగొట్టాం.
పాత కర్రల టెంపో తూకానికి నా కాంటా మీదికే వచ్చింది.
నిండు బండి తూచాను.
"ఆ దూలం ఒక్కటి దించు" అన్నాను.
"ఎందుకన్నా, పుచ్చుపట్టింది" అంటూనే
డ్రైవరూ కూలీ చెరో కొస పట్టారు.
మళ్ళీ తూచాను. తేడా నలభై కిలోలు.
చీటీ మీద సరుకు గడి దగ్గర పెన్ను ఆగింది.
వెనక లారీ హారన్ కొడుతోంది.

దూలం దిగగానే
టెంపో వేలెడు పైకి లేవడం
నేను చూశాను.
కౌంటర్ మీద నా అరచెయ్యి
వెల్లకిలా ఉంది.